స్కాట్లాండ్ కొండలకి వాకింగ్ బూట్లు: ఏవి కొనాలి, ఎలా చూసి కొనాలి?

కొత్త_నడక (గ్లాస్గో), ఏప్రిల్ 5, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. గ్లాస్గో వచ్చి ఏడాది దాటింది. ఇప్పటిదాకా ఆఫీసు, ఇల్లు తప్ప బయట పెద్దగా చూడలేదు. ఈసారి స్నేహితులం కొందరం కలిసి మే నెలలో బెన్ లోమండ్, జులైలో కుదిరితే బెన్ నెవిస్ ఎక్కుదామని గట్టిగా అనుకున్నాం. నా దగ్గర జిమ్‌కి వేసుకెళ్ళే రన్నింగ్ షూస్ మాత్రమే ఉన్నాయి. అవి సరిపోతాయా, వాకింగ్ బూట్లు కొనాల్సిందేనా? బడ్జెట్ 100 పౌండ్లు, మరీ అవసరమైతే 150 దాకా పెట్టగలను. నా పాదాలు ముందువైపు బాగా వెడల్పు. మామూలు షూస్ కొన్నా చిటికెన వేలు నొక్కుకుపోతుంది. ఏ బ్రాండ్ తీసుకోమంటారు?

గోదారిగట్టు (ఎడిన్‌బరా), ఏప్రిల్ 5, రాత్రి 10:15

మంచి నిర్ణయం అండీ. రోవర్డెన్నన్ నుంచి బెన్ లోమండ్ పైకి వెళ్ళే మామూలు దారి చక్కగా రాళ్ళు పరిచి ఉంటుంది. ఎత్తు 974 మీటర్లు, రానుపోను దాదాపు 12 కిలోమీటర్లు. దాన్ని రన్నింగ్ షూస్‌తో ఎక్కి దిగేవాళ్ళు ఎండరోజున బోలెడుమంది కనిపిస్తారు. కానీ జిమ్ షూస్ అడుగు నున్నగా ఉంటుంది. వాన పడ్డాక దిగేటప్పుడు ఆ పరిచిన రాళ్ళ మీద కాలు నిలవదు. నా సలహా: ముందు కానిక్ హిల్ లాంటి చిన్న కొండ ఒకటి ఎక్కి చూడండి. 361 మీటర్లే. బాల్మహా దాకా బస్సు ఉంది. అక్కడ మీ కాళ్ళకేం కావాలో మీకే తెలుస్తుంది.

తేలిక_నడక (స్టిర్లింగ్), ఏప్రిల్ 5, రాత్రి 10:52

బూట్లు వద్దు బ్రదర్. ట్రెయిల్ షూస్ (కొండదారుల కోసం చేసిన, పట్టున్న తేలికపాటి షూస్) తీసుకో. బూట్లమ్మేవాళ్ళు "వాటర్‌ప్రూఫ్, వాటర్‌ప్రూఫ్" అంటారు. స్కాట్లాండ్‌లో నీళ్ళు కింది నుంచి మాత్రమే రావు. బురద నేలలో కాలు పిక్క దాకా దిగుతుంది, వాగు దాటితే పైనుంచి లోపలికి పోతాయి. ఒక్కసారి లోపలికి వెళ్ళాక ఆ వాటర్‌ప్రూఫ్ పొరే నీళ్ళని బయటికి పోనివ్వదు, రోజంతా బకెట్లో కాలు పెట్టి నడిచినట్టే. పొర లేని ట్రెయిల్ షూ అయితే పది అడుగులు వేసేసరికి నీళ్ళు కారిపోతాయి, గాలికి ఆరిపోతుంది. బరువు కూడా సగం. నేను వేసవంతా వాటితోనే తిరుగుతాను.

ఉత్తరగాలి (అబర్డీన్), ఏప్రిల్ 6, ఉదయం 7:05

తేలిక_నడక గారూ, మీరు చెప్పింది వేసవికి నిజమే, ఒప్పుకుంటాను. కానీ అడిగినాయన కొత్తవారు. ఆయనకి ఇక్కడి "వేసవి" అంటే ఏమిటో ముందు చెప్పాలి కదా.

మే నెలలో గ్లాస్గోలో 16 డిగ్రీలుందని టీషర్టు వేసుకుని బయల్దేరతారు. వెయ్యి మీటర్ల పైన సుమారు 6, 7 డిగ్రీలు తగ్గుతుంది, దానికి గాలి తోడవుతుంది. కెయిర్న్‌గార్మ్ శిఖరం మీద 1986 మార్చి 20న గంటకి 173 మైళ్ళ వేగంతో గాలి వీచింది. అది రికార్డు, రోజూ అలా ఉండదు. కానీ 40 మైళ్ళ గాలి ఏ నెలలోనైనా రావచ్చు, ఆ గాలికి మనిషి అడుగు తప్పుతుంది. అలాంటి చోట తడిసిన పల్చటి షూలో కాలు ఉండి, మీరు ఎవరికోసమైనా ఆగి అరగంట కూర్చోవలసి వస్తే కాలివేళ్ళు మొద్దుబారతాయి. నడుస్తున్నంతసేపు తడి కాలు పెద్ద ఇబ్బంది కాదు. ఆగితేనే ఇబ్బంది. కొత్తవాళ్ళు తరచుగా ఆగుతారు, దారి వెతుక్కుంటారు, ఒకరు వెనకబడితే మిగతావాళ్ళు నిలబడతారు. అందుకే మొదటి జత నేను తోలు బూటే చెబుతాను.

తేలిక_నడక (స్టిర్లింగ్), ఏప్రిల్ 6, ఉదయం 8:30

అన్నా, ఆగే సంగతి నిజం. నేను బ్యాగులో పొడి ఊలు సాక్సులు ఒక జత పెట్టుకుంటాను. చలికాలం నేను కూడా బూట్లే వేస్తాను, అది ముందే చెప్పాల్సింది. మే నుంచి సెప్టెంబరు దాకా మాత్రం నా మాట అదే.

బూట్ల_బల్ల (గ్లాస్గో), ఏప్రిల్ 6, మధ్యాహ్నం 1:20

నేను వారాంతాల్లో ఒక అవుట్‌డోర్ షాపులో బూట్ల విభాగంలో పని చేస్తాను. షాపు పేరు చెప్పను, ఇది ప్రచారం కాదు. తోలా, బట్టా, ట్రెయిల్ షూనా అన్న వాదన కన్నా ముందు తేలాల్సింది ఒకటుంది: ఆ బూటు మీ పాదం ఆకారంలో ఉందా లేదా. బ్రాండ్ అడిగారు కాబట్టి చెబుతున్నాను. ప్రతి కంపెనీ ఒక అచ్చు మీద బూటు కుడుతుంది. ఆ అచ్చు మీ పాదానికి దగ్గరగా లేకపోతే 250 పౌండ్ల బూటైనా బొబ్బలే మిగులుస్తుంది. పక్కవాడికి బాగున్న బూటు మీకు బాగుంటుందన్న నమ్మకం లేదు.

మన ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళ పాదాలు నేను చాలానే చూశాను. చిన్నప్పటి నుంచి చెప్పులతో, వట్టికాళ్ళతో తిరిగినవాళ్ళకి వేళ్ళు విచ్చుకుని ముందు భాగం వెడల్పుగా, మడమ సన్నగా ఉంటుంది. వాళ్ళు చేసే పని ఏమిటంటే, ముందు ఇరుకైందని ఒక సైజు పెద్దది తీసుకుంటారు. అప్పుడు మడమ లేస్తుంది, దిగేటప్పుడు పాదం ముందుకి జారి గోళ్ళు నల్లబడతాయి. పొడవు పెంచితే వెడల్పు సమస్య తీరదు. వెడల్పు అచ్చున్న బూటే వెతకాలి. మైండ్ల్‌లో వైడ్ రకాలున్నాయి, కీన్ వేళ్ళ దగ్గర విశాలంగా ఉంటుంది, యార్క్‌షైర్ కంపెనీ ఆల్ట్‌బర్గ్ ఒకే సైజులో చాలా వెడల్పులు చేస్తుంది. లా స్పోర్టివా ఎక్కువగా సన్న పాదాలకి నప్పుతుంది. ఇవి మొదలుపెట్టడానికి మాత్రమే, చివరి మాట మీ పాదానిదే.

షాపులో చేయాల్సినవి చెబుతాను. సాయంత్రం వెళ్ళండి, రోజంతా నడిచాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, కొండ మీద కూడా అలాగే ఉంటుంది. కొండకి వేసుకునే మందపాటి సాక్సులే వేసుకెళ్ళండి. మొదట బూటులోని ఇన్‌సోల్ (పాదం కింద ఉండే విడి పట్టీ) బయటికి తీసి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం అంచులు దాటి బయటికి పొర్లితే ఆ బూటు పక్కన పెట్టేయండి, కాలికి వేసి చూడనక్కర్లేదు. సరిపోతే ఇన్‌సోల్ లోపల పెట్టి, లేసు కట్టకుండా పాదం ముందుకి తోసి, మడమ వెనక ఒక వేలు పట్టాలి. తర్వాత వెనక్కి జరిగి మడమని నేలకి తట్టి లేసు బిగించండి. చాలా షాపుల్లో రాళ్ళు అతికించిన చిన్న ఏటవాలు బల్ల ఉంటుంది. దాని మీద కిందకి చూస్తూ నిలబడి, బరువంతా ముందుకి వేసి పాదం తాటించండి. వేళ్ళు ముందు గోడకి తగిలాయంటే ఆ బూటుతో బెన్ నెవిస్ దిగలేరు. తగలకపోతే పైకి చూస్తూ నిలబడి మడమ ఎంత లేస్తుందో చూడండి. కొంచెం కదలిక పర్లేదు, జారుతున్నట్టుంటే వద్దు.

ఇంకొకటి. రెండు పాదాలూ ఒకేలా ఉండవు, పెద్ద పాదానికి కొనండి. తొందరపెట్టే షాపులో కొనకండి. ఇంటికి తెచ్చాక రెండు మూడు సాయంత్రాలు ఇంట్లోనే, కార్పెట్ మీద వేసుకుని తిరగండి. బయట వేయని బూట్లు చాలా షాపులు వెనక్కి తీసుకుంటాయి, బిల్లు దాచండి, షరతు ముందే అడగండి.

కొత్త_నడక (గ్లాస్గో), ఏప్రిల్ 6, సాయంత్రం 6:10

ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థ్యాంక్స్ అండీ. ఇన్‌సోల్ మీద నిలబడే పద్ధతి నాకు ఇంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే నా రన్నింగ్ షూస్‌తో చేసి చూశాను. చిటికెన వేలు పూర్తిగా బయటే ఉంది!

ఇంకో ప్రశ్న. ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ తోలు బూట్లు 40 పౌండ్లకి కనిపిస్తున్నాయి. "ఒక్కసారే వేశాను, ఎనిమిదేళ్ళుగా అటక మీద ఉన్నాయి" అని రాశారు. తీసుకోవచ్చా?

బూట్ల_బల్ల (గ్లాస్గో), ఏప్రిల్ 6, సాయంత్రం 6:45

వద్దు. దయచేసి వద్దు. చాలా బూట్ల మధ్య సోలు, అంటే అడుగుకీ పాదానికీ మధ్య ఉండే మెత్తటి పొర, పాలీయురితేన్ అనే ప్లాస్టిక్ నురగతో చేస్తారు. అది గాల్లోని తేమతో మెల్లగా రసాయనికంగా విరిగిపోతుంది, వాడినా వాడకపోయినా. నిజానికి వాడకుండా మూలన పడేసినవే ముందు పాడవుతాయి. పైకి కొత్తవాటిలా మెరుస్తుంటాయి, నడక మొదలుపెట్టిన గంటకి సోలు పొడి పొడిగా రాలి అడుగు ఊడి వస్తుంది. కారు పార్కు దగ్గర ఊడితే పర్లేదు, కొండ మీద ఊడితే ఏం చేస్తారు? కిందటేడాది వేసిన బూటు ఎవరైనా అమ్ముతుంటే, చేతితో పట్టుకుని చూసి, మధ్య సోలుని బొటనవేలితో నొక్కి, పగుళ్ళు లేవని తేలితే అది వేరే సంగతి. కానీ వేరే మనిషి పాదానికి ఒదిగిన తోలు మీ వెడల్పు పాదానికి నప్పడం కష్టం.

మెట్లదారి (డండీ), ఏప్రిల్ 6, రాత్రి 9:00

నాదొక సందేహం. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు వట్టికాళ్ళతో ఎక్కాను, కాళ్ళు నొప్పులు కూడా రాలేదు. బెన్ నెవిస్ పెద్ద దారి కూడా మెట్లలాంటిదే అంటున్నారు. దానికి ఇంత హడావిడి అవసరమా?

ఉత్తరగాలి (అబర్డీన్), ఏప్రిల్ 6, రాత్రి 9:48

మీకు దమ్ముంది, అది మంచి పెట్టుబడి. కానీ తేడా కాళ్ళ బలంలో లేదు. తిరుమల దారిలో పైన కప్పుంది, పక్కన మంచినీళ్ళున్నాయి, వెంట వందలమంది ఉంటారు, దారి తప్పే అవకాశమే లేదు. బెన్ నెవిస్ 1,345 మీటర్లు, మీరు దాదాపు సముద్రమట్టం నుంచి మొదలుపెడతారు, అంటే ఆ ఎత్తంతా కాళ్ళతోనే ఎక్కాలి. రానుపోను 17 కిలోమీటర్లు. నెయిస్మిత్ అనే ఆయన 1892లో చెప్పిన లెక్క ఇప్పటికీ అందరం వాడతాం: అయిదు కిలోమీటర్లకి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. ఆ లెక్కన విశ్రాంతి లేకుండానే అయిదున్నర గంటలు దాటుతుంది. కొత్తవాళ్ళకి 8, 9 గంటలు మామూలు.

పైన వంకర్ల దారి అయ్యాక రాళ్ళ మైదానంలా ఉంటుంది. శిఖరం మీద 1883 నుంచి 1904 దాకా వాతావరణ కేంద్రం నడిచింది. అక్కడి కొలతల ప్రకారం ఏడాది సగటు ఉష్ణోగ్రత సున్నా దగ్గరే. ఎక్కువ రోజులు మబ్బులోనే ఉంటుంది. మబ్బు కమ్మితే పది అడుగుల అవతల ఏముందో కనపడదు. ఒక పక్క ఉత్తరం కొండచరియ, ఇంకో పక్క ఫైవ్ ఫింగర్ గల్లీ అనే నిటారు లోయ. రెండు చోట్లా మనుషులు పోయారు. మబ్బులో దిగడానికి శిఖరం మీది సర్వే స్తంభం దగ్గర నుంచి మ్యాపు గ్రిడ్ ప్రకారం 231 డిగ్రీల దిశలో 150 మీటర్లు, ఆ తర్వాత 282 డిగ్రీల దిశలో నడవాలి. ఈ రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని, దిక్సూచి వాడటం నేర్చుకుని వెళ్ళండి. బూటు ఎంత మంచిదైనా ఈ పని చేయదు.

మెట్లదారి (డండీ), ఏప్రిల్ 6, రాత్రి 10:05

అర్థమైందండీ. రాసుకున్నాను. దిక్సూచి కూడా కొంటాను.

కీళ్ళవైద్యం (ఇన్వర్‌నెస్), ఏప్రిల్ 7, ఉదయం 6:30

నేను ఫిజియోథెరపిస్టుని. "చీలమండ మెలిక పడకుండా ఎత్తు బూటు వేసుకోండి" అని అందరూ అంటారు. అది సగం మాట. ఎత్తు మెడ ఉన్న బూటు రాయి తగలకుండా, బురద లోపలికి రాకుండా, గీతలు పడకుండా కాపాడుతుంది. బాగా బిగిస్తే కాస్త ఆసరా కూడా ఇస్తుంది. కానీ మెలికని ఆపేది ప్రధానంగా మీ కండరాలు, మీ బ్యాలెన్సు. రోజూ పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి. నెల రోజులు చేస్తే తేడా తెలుస్తుంది. ఇదివరకే మెలిక పడిన కాలైతే ఎత్తు బూటే వేసుకోండి, అందులో వాదన లేదు.

నా దగ్గరికి వచ్చే నడకవాళ్ళలో ఎక్కువమందికి దెబ్బ తగిలేది దిగేటప్పుడే. ఎక్కడంలో అలిసిపోయి, ఇంక అయిపోయిందనుకుని, చూపు దారి మీద కాకుండా ఫోన్ మీద ఉంటుంది. మోకాళ్ళకి రెండు కర్రలు పెద్ద ఉపకారం చేస్తాయి.

లేసు గురించి ఒక్కమాట. ఎక్కేటప్పుడు పైభాగం కొంచెం వదులుగా ఉంచండి, చీలమండ వంగాలి కదా. శిఖరం దగ్గర ఆగి, దిగే ముందు మళ్ళీ కట్టండి. ఎలాగంటే, పాదం వంపు దగ్గర, అంటే బూటు నాలుక పైకి తిరిగే చోట, లేసుని ఒకసారికి బదులు రెండుసార్లు మెలి తిప్పి గట్టిగా లాగండి. ఆ మెలిక బిగుసుకుని అక్కడే నిలబడుతుంది, పైభాగం వదులైనా కిందిది వదలదు. మడమ వెనక్కి అతుక్కుంటుంది, వేళ్ళు ముందుకి జారవు. రెండు నిమిషాల పని. గోళ్ళు ఊడకుండా కాపాడుతుంది.

గోదారిగట్టు (ఎడిన్‌బరా), ఏప్రిల్ 7, ఉదయం 8:12

ఈ రెండు మెలికల ముడి అందరూ నేర్చుకోవాలి. మా అమ్మాయికి కూడా నేర్పాను.

అన్నట్టు, అడుగు గురించి ఎవరూ చెప్పలేదు. బూటు తిరగేసి చూడండి. గట్లు లోతుగా, ఒకదానికొకటి దూరంగా ఉండాలి. దగ్గర దగ్గరగా ఉంటే బురద ఇరుక్కుని అడుగంతా నున్నగా అయిపోతుంది. మడమ ముందు ఒక మెట్టులా లోపలికి దిగిన అంచు ఉండాలి. తడిసిన గడ్డి వాలు మీద దిగేటప్పుడు ఆ అంచే నేలలోకి దిగి ఆపుతుంది. ఇక్కడ రాతి చరియల కన్నా తడిసిన గడ్డి వాలులే మనుషులని ఎక్కువ మోసం చేస్తాయని నా అభిప్రాయం. చూడటానికి మెత్తగా, పచ్చగా ఉంటుంది, ఎవరూ భయపడరు.

ఉత్తరగాలి (అబర్డీన్), ఏప్రిల్ 7, ఉదయం 9:30

నూటికి నూరుపాళ్ళు నిజం. రాయి కూడా అంతా ఒకేలా ఉండదు. స్కై దీవిలోని కుయిలిన్ కొండల గాబ్రో రాయి ఇసుక కాగితంలా పట్టుకుంటుంది, మధ్యలో బసాల్ట్ పట్టీ వచ్చిందంటే తడిలో గాజుమీద నడిచినట్టే. శిహాలియన్ కొండ పైభాగమంతా క్వార్ట్‌జైట్ బండల గుట్ట, అక్కడ తడిస్తే జారుతుంది, బండలు కదులుతాయి, సోలు మరీ మెత్తగా ఉంటే పాదాలు నలిగిపోతాయి. శిహాలియన్ 1,083 మీటర్లు. 1774లో మాస్కెలిన్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఈ కొండ ఆకర్షణకి వేలాడదీసిన గుండు దారం ఎంత పక్కకి లాగబడుతుందో కొలిచారు, ఆ కొలతతోనే భూమి సాంద్రత లెక్కకట్టారు. ఆ లెక్కలు చేసిన హటన్ అనే గణితజ్ఞుడు సమాన ఎత్తులున్న చోట్లని గీతలతో కలిపారు. మనం మ్యాపుల్లో చూసే కాంటూర్ గీతలకి అది తొలి వాడకాల్లో ఒకటి. భౌతికశాస్త్రం ఇష్టమైనవాళ్ళు ఆ కొండ తప్పక ఎక్కాలి. ఎక్కుతుంటే నాకు ప్రతిసారీ ఒళ్ళు పులకరిస్తుంది.

నీలిమేఘం (ఫైఫ్), ఏప్రిల్ 7, మధ్యాహ్నం 12:40

మా అబ్బాయికి తొమ్మిదేళ్ళు. వాడికి కూడా బూట్లు కొనాలా అక్కా/అన్నయ్యా? ఆరునెలలకే సైజు మారిపోతుంది.

గోదారిగట్టు (ఎడిన్‌బరా), ఏప్రిల్ 7, మధ్యాహ్నం 1:15

ఖరీదైనవి వద్దమ్మా. మంచి గట్లున్న పిల్లల ట్రెయిల్ షూ చాలు. పిల్లలకి సెకండ్ హ్యాండ్ కూడా బాగానే ఉంటాయి, ఎందుకంటే అవి పాతబడే లోపే చేతులు మారుతుంటాయి. స్టిర్లింగ్ దగ్గర డమాయట్ (418 మీటర్లు), లేదా బెన్ ఆన్ (454 మీటర్లు) తీసుకెళ్ళండి. బెన్ ఆన్ చిన్నదే, పైనుంచి లాక్ కాట్రిన్ సరస్సు కనిపిస్తుంది. వాడికి జీన్స్ మాత్రం వేయకండి. తడిస్తే బరువెక్కి కాళ్ళకి అతుక్కుంటుంది, ఆరదు. సాక్సులు కూడా కాటన్ వద్దు, ఊలువి.

డండీ_డైరీ (డండీ), ఏప్రిల్ 7, సాయంత్రం 5:50

బూట్ల చర్చలో ఇది చెప్పవచ్చో లేదో తెలీదు, కానీ చెప్పాలనిపిస్తోంది. 2024 ఏప్రిల్‌లో పిట్‌లోఖ్రీ దగ్గర లిన్ ఆఫ్ టమ్మెల్‌లో మన తెలుగు విద్యార్థులు ఇద్దరు నీళ్ళలో పడి చనిపోయారు. ఆ వార్త విన్నప్పుడు ఇక్కడి మనవాళ్ళందరం ఎంత కుంగిపోయామో మాటల్లో చెప్పలేను. కొండ దాకా వెళ్ళేవాళ్ళు ఎంతో కొంత సిద్ధమై వెళతారు. జలపాతం దగ్గరికి మాత్రం కారు దిగి, కాలికున్న స్నీకర్స్‌తోనే ఫోటోకి వెళ్ళిపోతాం. నాచు పట్టిన రాయి మీద ఏ బూటూ ఆగదు. నీటి అంచుకి పోవద్దు, అంతే. కొత్తగా వచ్చే విద్యార్థులకి మొదటి వారంలోనే ఎవరో ఒకరు ఈ మాట చెప్పాలి.

కీళ్ళవైద్యం (ఇన్వర్‌నెస్), ఏప్రిల్ 7, సాయంత్రం 6:20

చెప్పాల్సిన మాటే. పిన్ చేయమని అడ్మిన్ గారిని కోరుతున్నాను.

సాయం ఎలా పిలవాలో కూడా రాస్తున్నాను. 999కి ఫోన్ చేసి ముందు "పోలీస్" అని, తర్వాత "మౌంటెన్ రెస్క్యూ" అని అడగాలి. సిగ్నల్ సరిగ్గా లేకపోతే 999కి మెసేజ్ పంపవచ్చు, కానీ అందుకు మీ నంబరు ముందే నమోదై ఉండాలి. ఇంట్లో ఉండగానే "రిజిస్టర్" అన్న మాట ఇంగ్లీషులో టైప్ చేసి 999కి పంపితే ఎలా చేయాలో జవాబు వస్తుంది. ఈల ఉంటే నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, నిమిషం ఆగాలి, మళ్ళీ ఊదాలి. రెస్క్యూ వాళ్ళు వాలంటీర్లు, డబ్బు తీసుకోరు. బిల్లు వస్తుందేమో, వీసాకి ఇబ్బందేమో అని భయపడి పిలవకుండా ఉండకండి. ఈ భయం మన విద్యార్థుల్లో నేను స్వయంగా చూశాను.

మెట్లదారి (డండీ), ఏప్రిల్ 7, రాత్రి 8:30

ఇది నాకు నిజంగా తెలియదు. థ్యాంక్స్. ఇంకొకటి, క్రిస్మస్ సెలవుల్లో వెళితే మంచు చూడొచ్చు కదా, అప్పటికి ఇవే బూట్లు పనికొస్తాయా?

ఉత్తరగాలి (అబర్డీన్), ఏప్రిల్ 7, రాత్రి 9:25

పనికిరావు. ఈ విషయంలో కచ్చితంగా చెబుతాను, ఏమీ అనుకోకండి. చలికాలం స్కాట్లాండ్ కొండ వేరే ప్రపంచం. మామూలు వాకింగ్ బూట్లని బీ0 అంటారు, సోలు వంగుతుంది కాబట్టి వాటికి క్రాంపన్లు (మంచు మీద జారకుండా బూటు కింద కట్టే ఇనుప ముళ్ళ చట్రాలు) కట్టకూడదు. బీ1 కాస్త బిగువు, దానికి సీ1 క్రాంపన్లు. బీ2కి సీ1, సీ2 రెండూ. బీ3 అసలు వంగదు, ఎక్కువగా మంచు చరియలు ఎక్కేవాళ్ళకి. చలికాలం నడకకి బీ1 లేదా బీ2 చాలు. కానీ బూటు, క్రాంపన్, ఐస్ యాక్స్ (మంచు గొడ్డలి) కొంటే సరిపోదు. జారినప్పుడు గొడ్డలితో ఎలా ఆగాలో ఎవరైనా పక్కనుండి నేర్పాలి. అవియెమోర్ దగ్గర గ్లెన్‌మోర్ లాడ్జ్ లాంటి చోట్ల శిక్షణ ఉంటుంది.

డిసెంబరులో పగలు ఏడుగంటలే. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి ముసురుతుంది. 1971 నవంబరులో కెయిర్న్‌గార్మ్ పీఠభూమి మీద ఎడిన్‌బరా బడిపిల్లలు అయిదుగురు, వాళ్ళతో ఉన్న శిక్షణలోని ఇన్‌స్ట్రక్టరు ఒకరు మంచు తుపానులో చనిపోయారు. ఆ కొండల మీదికి వెళ్ళే ప్రతిసారీ నాకు ఆ పిల్లలు గుర్తొస్తారు. హిమపాతం ప్రమాదం గురించి చలికాలమంతా స్కాటిష్ అవలాంచ్ సమాచార సంస్థ రోజూ బులెటిన్ ఇస్తుంది. గాలి, మబ్బు, గడ్డకట్టే ఎత్తు కోసం ఎం.డబ్ల్యూ.ఐ.ఎస్. (కొండల వాతావరణ సమాచార సేవ) చూడండి. ఫోన్‌లో ఉండే మామూలు వాతావరణ యాప్ లోయలోని ఊరిది చెబుతుంది, శిఖరానిది కాదు.

మంచు చూడాలనే కోరికైతే కెయిర్న్‌గార్మ్ కింద లాక్ మోర్లిచ్ చుట్టూ నడవండి. కొండలన్నీ తెల్లగా ఎదురుగా కనిపిస్తాయి.

తేలిక_నడక (స్టిర్లింగ్), ఏప్రిల్ 7, రాత్రి 10:10

బూట్లు ఆరబెట్టడం గురించి ఎవరైనా చెప్పండి. మా ఇంట్లో అద్దెకున్న కుర్రాళ్ళు హీటర్ మీద పెట్టేస్తున్నారు, తోలు పగిలిపోయింది.

బూట్ల_బల్ల (గ్లాస్గో), ఏప్రిల్ 7, రాత్రి 10:40

హీటర్ మీద పెడితే తోలు పగలడమే కాదు, సోలు జిగురు కూడా వదులుతుంది. ఇంటికి రాగానే ట్యాపు కింద బురద కడగండి. ఇక్కడి పీట్ (కుళ్ళిన నాచు, మొక్కల నల్లమట్టి) బురద తోలుని ఎండగొట్టి గట్టిపరుస్తుంది, అలాగే వదలకూడదు. ఇన్‌సోల్ తీసి వేరుగా ఆరబెట్టండి. లోపల పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, రెండు గంటలకొకసారి మార్చండి. మామూలు గదిలో, గాలి తగిలే చోట. పూర్తిగా ఆరక ముందే, కాస్త తడి ఉండగానే నిక్‌వాక్స్ లాంటి తోలు మైనం పూస్తే తోలు బాగా తాగుతుంది. మరీ ఎక్కువ పూయకండి, తోలు మెత్తబడి ఆకారం పోతుంది.

కొనేటప్పుడు నాలుక కూడా చూడండి. నాలుక పక్కలు బూటుకి ఎంత ఎత్తు దాకా కుట్టి ఉన్నాయో అంత లోతు నీళ్ళ దాకానే బూటు ఆపుతుంది. ఆ పైన గేటర్లు (బూటు పైనుంచి పిక్కని కప్పే తొడుగులు) కట్టుకోవాలి.

కొత్త_నడక (గ్లాస్గో), ఏప్రిల్ 19, సాయంత్రం 7:15

అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ బూట్లు కొన్నాను. ఒక షాపులో "మీ సైజు ఇదే" అని మొదటి జతే చేతిలో పెట్టారు, బయటికొచ్చేశాను. రెండో షాపులో చాలా ఓపికగా చూపించారు. ఇన్‌సోల్ పరీక్షలోనే సగం జతలు పోయాయి. చివరికి మైండ్ల్ వైడ్ ఫిట్, తోలువి, డిస్కౌంట్‌లో 145 పౌండ్లకి దొరికాయి. ఏటవాలు బల్ల మీద ఎంత తాటించినా వేళ్ళు ముందుకి తగల్లేదు. చిటికెన వేలు హాయిగా ఉంది, ఈ దేశం వచ్చాక ఇలాంటి షూ వేసుకోవడం ఇదే మొదలు. వారంరోజులు ఇంట్లో తిరిగి తర్వాత కానిక్ హిల్.

ఒక చిక్కు వచ్చింది. కారున్న స్నేహితుడు మే నెలలో ఊరెళుతున్నాడు. రోవర్డెన్నన్‌కి బస్సు లేదంటున్నారు. మాకు డ్రైవింగ్ లేదు. బెన్ లోమండ్‌కి బదులు రైల్లో వెళ్ళగలిగేది ఏదైనా ఉందా?

గోదారిగట్టు (ఎడిన్‌బరా), ఏప్రిల్ 19, రాత్రి 8:02

శుభం! బస్సు బాల్మహా దాకానే, నిజమే. వేసవిలో టార్బెట్ నుంచి రోవర్డెన్నన్‌కి లాక్ లోమండ్ మీద పడవ నడుస్తుంది, కానీ దాని టైములకి కొండెక్కి దిగడం టెన్షన్. దానికన్నా కాబ్లర్‌కి వెళ్ళండి. 884 మీటర్లు. మూడువేల అడుగులు లేదు కాబట్టి హ్యూ మన్రో 1891లో మొదలుపెట్టిన జాబితాలోని 282 కొండల్లో ఇది లేదు. అయినా అందంలో చాలా మన్రోల కన్నా నాకు ఇదే ఇష్టం. గ్లాస్గో క్వీన్ స్ట్రీట్‌లో ఫోర్ట్ విలియం వైపు రైలెక్కి అరోకర్ అండ్ టార్బెట్ స్టేషన్‌లో దిగాలి. అక్కడి నుంచి లాక్ లాంగ్ చివర కారు పార్కు దాకా నడిస్తే దారి మొదలవుతుంది. మొదట చెట్ల మధ్య వంకర్లు, తర్వాత వాగు పక్కనే సాఫీగా వెళ్ళి నార్నెయిన్ అనే పెద్ద బండల దగ్గరికి చేరుతుంది. గాలి నుంచి కాస్త చాటు, అక్కడ కూర్చుని తినండి.

ఉత్తరగాలి (అబర్డీన్), ఏప్రిల్ 19, రాత్రి 8:30

కాబ్లర్ మంచి ఎంపిక. ఒక్క జాగ్రత్త. అసలు శిఖరం ఒక రాతి స్తంభం, దాని మధ్య కంతలోంచి దూరి, సన్నటి అంచు మీద నడిచి పైకెక్కాలి. కింద ఖాళీ. అక్కడి రాయి తడిస్తే జారుతుంది. మీరు అది ఎక్కనక్కర్లేదు, పక్కన నిలబడి చూసినా కొండెక్కినట్టే. చాలామంది అక్కడి నుంచే వెనక్కి వస్తారు.

మే చివరికి మిడ్జెస్ (గుంపులుగా కుట్టే చిన్న దోమల్లాంటి పురుగులు) మొదలవుతాయి, నెత్తికి వల ఒకటి కొనండి. చవకే. గడ్డిలో నడిచాక ఇంట్లో కాళ్ళు, మోకాళ్ళ వెనక పిడుదులున్నాయేమో చూసుకోండి. కుడితే పట్టుకారుతో నిదానంగా నేరుగా పైకి లాగి తీయాలి. తర్వాత చర్మం మీద ఎర్రగా గుండ్రంగా మచ్చ పెరిగితే జీపీ (మీ పేట డాక్టరు) దగ్గరికి వెళ్ళండి, లైమ్ జబ్బు కావచ్చు.

తేలిక_నడక (స్టిర్లింగ్), ఏప్రిల్ 19, రాత్రి 9:10

మంచి బూట్లు కొన్నావ్ బ్రదర్, పాదానికి పట్టాయి కదా, అది చాలు. ఆ లైన్లో ఆదివారం రైళ్ళు తక్కువ, శనివారం పెట్టుకో. తిరుగు రైలు టైము ముందే కాగితం మీద రాసుకో, అక్కడ ఫోన్ సిగ్నల్‌ని నమ్మలేం. మే రెండో శనివారం నేను కూడా ఖాళీ. మీకు అభ్యంతరం లేకపోతే మీతో వస్తాను, మ్యాపు, దిక్సూచి నేను తెస్తాను, దారిలో వాడటం చూపిస్తాను.

కొత్త_నడక (గ్లాస్గో), ఏప్రిల్ 19, రాత్రి 9:22

అభ్యంతరమా! తప్పకుండా రండి అన్నా. పొద్దున మొదటి రైలుకే వెళదాం. పులిహోర మేం తెస్తాం.

మెట్లదారి (డండీ), ఏప్రిల్ 19, రాత్రి 9:30

నేను కూడా రావచ్చా? డండీ నుంచి ఆ రైలు అందుకోలేను, ముందురోజు రాత్రే గ్లాస్గో వచ్చేస్తాను. బూట్లు ఈ వారమే కొంటాను, ఇన్‌సోల్ మీద నిలబడి మరీ.